రక్షణ బడ్జెట్‌పై పార్లమెంటు నిఘా: ఒక్క అంకెను చివరిదాకా వెంబడించడం ఎలా?

ఏటా ఫిబ్రవరి 1న ఆర్థిక మంత్రి ప్రసంగం అవుతుండగానే టీవీ తెరల మీద రక్షణ శాఖ అంకె ఒకటి కనిపిస్తుంది. 2025-26లో అది రూ.6,81,210 కోట్లు. కేంద్రం పెట్టే ప్రతి వంద రూపాయల ఖర్చులో పదమూడు రూపాయల పైచిలుకు ఇక్కడికే పోతుంది. మర్నాడు పత్రికల్లో ‘పెద్దపీట’ అని వస్తుంది. అంతటితో ఆ అంకెను మరిచిపోతాం. సైన్యం అడిగిందెంత, ఇచ్చిందెంత, ఇచ్చినదాంట్లో ఖర్చయిందెంత, ఖర్చయినదానికి సరుకు చేతికొచ్చిందా అన్న ప్రశ్నలు మన దగ్గర పుట్టడమే అరుదు.

ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులు ఉన్నాయి. చాలావరకు బహిరంగ పత్రాల్లోనే ఉన్నాయి. వాటిని చదవడానికి సైనిక విషయాల్లో నిపుణులై ఉండాల్సిన పని లేదు. కావలసిందల్లా ఓపిక, ఒక నోటు పుస్తకం. మొత్తం బడ్జెట్‌ను అర్థం చేసుకోవాలని కూర్చుంటే నాలుగు రోజుల్లో విసుగొస్తుంది. అందుకే నా సలహా ఒకటే: ఏదైనా ఒక్క అంకెను ఎంచుకోండి, దాన్ని రెండు మూడేళ్లు వదలకుండా వెంబడించండి. పార్లమెంటు నిఘా ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ జారిపోతోందో ఆ ఒక్క అంకె వెంట నడిస్తేనే తెలిసిపోతుంది.

ముందు నాలుగు పద్దులను విడదీయండి

ఇండియాబడ్జెట్ డాట్ గవ్ డాట్ ఇన్ వెబ్‌సైట్‌లో ‘ఎక్స్‌పెండిచర్ బడ్జెట్’ అనే విభాగం ఉంటుంది. అందులో రక్షణ శాఖ కింద నాలుగు పద్దులు కనిపిస్తాయి. కొన్నేళ్లుగా వాటి సంఖ్యలు 19 నుంచి 22 వరకు. మంత్రిత్వ శాఖలు, విభాగాలు మారినప్పుడు ఈ సంఖ్యలు అటూఇటూ అవుతాయి కాబట్టి పేరు చూసి గుర్తుపట్టండి.

2025-26లో వాటి లెక్క ఇలా ఉంది. త్రివిధ దళాల జీతభత్యాలు, మందుగుండు, ఇంధనం, మరమ్మతుల వంటి రోజువారీ అవసరాలకు, అంటే రెవెన్యూ పద్దుకు రూ.3,11,732 కోట్లు. విమానాలు, నౌకలు, ఫిరంగులు కొనడానికి, నిర్మాణాలకు పనికొచ్చే మూలధన పద్దుకు రూ.1,80,000 కోట్లు. పింఛన్లకు రూ.1,60,795 కోట్లు. తీర రక్షక దళం, సరిహద్దు రహదారుల సంస్థ వంటివి ఉండే సివిల్ పద్దుకు రూ.28,683 కోట్లు.

ఈ విభజన చేయకుండా రక్షణ బడ్జెట్ మీద ఏ వాదనా నిలబడదు. ‘బడ్జెట్ 9.5 శాతం పెరిగింది’ అని ఎవరైనా అంటే, ఏ పద్దు పెరిగిందని అడగండి. పింఛన్లు పెరిగినా మొత్తం పెరిగినట్టే కనిపిస్తుంది. అలాగే జీడీపీలో ఇంత శాతం అని చెప్పేటప్పుడు కొందరు పింఛన్లను కలుపుతారు, కొందరు తీసేస్తారు. రెండు వాదనలూ పక్కపక్కన పెట్టి పోల్చేముందు ఇద్దరూ ఒకే లెక్క తీసుకున్నారో లేదో చూసుకోండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మూలధన పద్దును ఎంచుకుంటే మంచిది. కథ ఎక్కువగా నడిచేది అక్కడే.

గడుల మధ్య తేడా చూడండి

బడ్జెట్ పట్టికలో ఒక్కో పద్దుకు నాలుగు గడులుంటాయి: రెండేళ్ల కిందటి వాస్తవ వ్యయం, నిరుటి బడ్జెట్ అంచనా, నిరుటి సవరించిన అంచనా, ఈ ఏటి బడ్జెట్ అంచనా. టీవీలో కనిపించేది చివరి గడి. మీరు ముందు చూడాల్సింది మధ్యలో ఉన్న రెండు గడులను.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. 2024-25లో మూలధన పద్దుకు మొదట కేటాయించింది రూ.1,72,000 కోట్లు. ఏడాది తిరిగేసరికి సవరించిన అంచనా రూ.1,59,500 కోట్లకు దిగింది. అంటే రూ.12,500 కోట్ల మేర కోత పడింది. ఆ మరుసటి ఏటి కేటాయింపు రూ.1,80,000 కోట్లు. ఇప్పుడు పెరుగుదల ఎంతో చెప్పండి. మొదటి కేటాయింపుతో పోలిస్తే 4.65 శాతం. సవరించిన అంచనాతో పోలిస్తే దాదాపు 12.9 శాతం. రెండూ నిజమే, రెండూ లెక్కకు సరిపోతాయి. కానీ రెండోదాన్ని మాత్రమే చదివిన పాఠకుడికి ముందటి ఏడు ఖర్చు కాకుండా మిగిలిన సొమ్ము సంగతి తెలియకుండానే పోతుంది. ధరల పెరుగుదల, డాలరు మారకం రేటు కలిపి చూస్తే 4.65 శాతం పెరుగుదలలో కొత్తగా కొనే శక్తి ఎంత మిగులుతుందో ఎవరికివారు అంచనా వేసుకోవచ్చు.

ఏటా మార్చి 31 దాటితే ఖర్చు కాని నిధులు మురిగిపోతాయి. ఆయుధ కొనుగోళ్లు ఆర్థిక సంవత్సరాల లెక్కన నడవవు. పరీక్షలు ఆలస్యమవుతాయి, ధరల బేరం సాగుతుంది, సంతకం ఏప్రిల్‌కి జారిపోతుంది. అందుకే మురిగిపోని నిధి ఒకటి పెట్టాలని ఎంపీలతో ఏర్పడే పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం ఎన్నోసార్లు అడిగింది. 15వ ఆర్థిక సంఘం కూడా 2021 నుంచి 2026 వరకు రక్షణ, అంతర్గత భద్రత ఆధునికీకరణ కోసం రూ.2,38,354 కోట్లతో అలాంటి నిధిని సిఫార్సు చేసింది. వెంబడించడానికి మంచి అంశం కావాలంటే ఇదొకటి చాలు. సిఫార్సు, ప్రభుత్వం దాన్ని సూత్రప్రాయంగా ఒప్పుకోవడం, ఆ తర్వాత ఏళ్ల తరబడి సంఘానికి వచ్చిన సమాధానాలు వరసగా చదివితే ఒక మంచి ఆలోచన కాగితాల మధ్య ఎలా నలుగుతుందో కళ్లకు కడుతుంది.

మీ నోటు పుస్తకంలో ఎంచుకున్న పద్దుకు ఒక పేజీ కేటాయించి ఈ నాలుగు అంకెలూ రాసుకోండి. పక్కన రెండు గడులు ఖాళీగా వదలండి. ఒకటి దళాలు అడిగిన మొత్తానికి, ఇంకొకటి పాత ఒప్పందాల బాకీలకు. అవి బడ్జెట్ పత్రాల్లో దొరకవు.

స్థాయీ సంఘం నివేదిక: అసలు సరుకు ఇక్కడుంది

1993లో పార్లమెంటులో శాఖల వారీ స్థాయీ సంఘాలు వచ్చాయి. రక్షణ సంఘంలో 31 మంది సభ్యులు ఉంటారు: లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. మంత్రులు ఉండటానికి వీల్లేదు. బడ్జెట్ ప్రవేశపెట్టాక సభలకు విరామం ఇచ్చినప్పుడు ఈ సంఘం కూర్చుని రక్షణ కార్యదర్శిని, త్రివిధ దళాల ఉన్నతాధికారులను పిలిచి ప్రశ్నలు వేస్తుంది. తలుపులు మూసి జరిగే సమావేశాలు కాబట్టి అక్కడ కెమెరాల కోసం మాట్లాడాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. మామూలుగా మార్చిలో నివేదికలు సభ ముందుకొస్తాయి. సంసద్ డాట్ ఇన్ వెబ్‌సైట్‌లో లోక్‌సభ విభాగంలోకి వెళ్లి, కమిటీల కింద రక్షణను ఎంచుకుంటే అవన్నీ దొరుకుతాయి.

నివేదిక తెరవగానే భయపడకండి. పద్దుల మీద ఒక్క ఏడాదికే మూడు నాలుగు నివేదికలు ఉంటాయి. త్రివిధ దళాల మీద వచ్చిన దాన్ని ముందు తీయండి. అందులో రెండు భాగాలుంటాయి. మొదటి భాగంలో ప్రశ్నలు, శాఖ జవాబులు, పట్టికలు. రెండో భాగంలో సంఘం పరిశీలనలు, సిఫార్సులు. పత్రికలు రెండో భాగం రాస్తాయి. మీరు మొదటి భాగంతో మొదలుపెట్టండి.

అందులో ప్రతి దళానికీ ఒక పట్టిక ఉంటుంది: దళం అడిగింది, బడ్జెట్‌లో ఇచ్చింది, సవరించినది, ఖర్చు చేసింది. ఈ ‘అడిగింది’ అన్న గడి కోసమే ఈ నివేదిక తెరవాలి. అడిగినదానికీ ఇచ్చినదానికీ ఉన్న దూరాన్ని ఐదేళ్ల వరస మీద చూడండి. దూరం ఉండటం తప్పేమీ కాదు, ఏ దేశంలోనూ సైన్యం అడిగినంతా దొరకదు. కానీ ఆ దూరం వల్ల ఏ కొనుగోలు వాయిదా పడిందో శాఖ చెప్పిందా, లేక ‘కార్యకలాపాలపై ప్రభావం పడకుండా ప్రాధాన్యాలను సర్దుబాటు చేసుకుంటాం’ అని దాటేసిందా అన్నది గమనించండి. ఇలాంటి వాక్యం ఏటా తిరిగొస్తుంటే దాని కింద గీత గీయండి.

ఇక పాత ఒప్పందాల బాకీలు. ఒక నౌకకో విమానానికో ఒప్పందం కుదిరాక చెల్లింపులు ఏళ్ల తరబడి సాగుతాయి. ఇంటి అప్పు వాయిదాల్లాగా, ఏటా వచ్చే సొమ్ములో మొదటి కోత వాటిదే. మిగిలినదే కొత్త కొనుగోళ్లకు. 2018 మార్చిలో వచ్చిన నివేదిక ఈ విషయాన్ని చూపించినంత స్పష్టంగా ఇంకేదీ చూపించలేదని నా నమ్మకం. అప్పటి ఉప సేనాధిపతి లెఫ్టినెంట్ జనరల్ శరత్‌చంద్ సంఘం ముందు చెప్పిన లెక్క ఇది: 2018-19లో సైన్యం ఆధునికీకరణకు ఇచ్చింది రూ.21,338 కోట్లు. అప్పటికే నడుస్తున్న 125 పథకాల కింద కట్టాల్సిన బాకీలే రూ.29,033 కోట్లు. కొత్తవి కొనడం మాట అటుంచి పాతవాటికే చాలలేదు. సైన్యం దగ్గరున్న పరికరాల్లో 68 శాతం పాతకాలపువని, అత్యాధునికమైనవి 8 శాతమేనని కూడా ఆయన చెప్పారు. ఒక సేవలో ఉన్న సైనికాధికారి ఇంత సూటిగా మాట్లాడటం, అది అచ్చులో రావడం స్థాయీ సంఘం లేకపోతే సాధ్యమయ్యేది కాదు.

నివేదికలో కొన్ని చోట్ల వాక్యం మధ్యలో మాటలకు బదులు నక్షత్రాల గుర్తులు వస్తాయి. భద్రతా కారణాలతో ఆ భాగాన్ని తొలగించారన్నమాట. అక్కడ ఆగి ఊహాగానాలు చేయకండి. మిగిలినదే చాలా ఉంటుంది.

ఈ సంఘానికి ఉన్న హద్దులు కూడా తెలిసి ఉండాలి. దాని మాట సిఫార్సు మాత్రమే, ప్రభుత్వం పాటించి తీరాలన్న నియమం లేదు. పద్దుల నివేదికలో కోత తీర్మానాల వంటి సూచనలు చేయకూడదని సభా నియమాలే చెబుతున్నాయి. అందువల్ల ‘ఈ ఖర్చు తగ్గించండి’ అన్న మాట ఇక్కడ కనిపించదు. ‘ఇంకా ఇవ్వండి’ అన్నది మాత్రం ప్రతి పేజీలోనూ కనిపిస్తుంది. చదివేటప్పుడు ఈ మొగ్గును గుర్తుంచుకోండి.

ఓటింగు రోజు మీద ఆశలు పెట్టుకోకండి

రాజ్యాంగంలోని 113వ అధికరణం ప్రకారం పద్దులకు లోక్‌సభ ఆమోదం తప్పనిసరి. రాజ్యసభ చర్చించగలదు కానీ ఓటు వేయలేదు. లోక్‌సభ సభ్యులు ఎవరైనా కోత తీర్మానం ఇవ్వొచ్చు. కానీ గడువు రోజు సాయంత్రం స్పీకర్ గిలెటిన్ వేస్తే, చర్చకు రాని పద్దులన్నీ ఒక్క ఊపున పాసైపోతాయి. రక్షణ పద్దులు ఇలా చర్చ లేకుండా వెళ్లిపోయిన ఏళ్లు చాలా ఉన్నాయి. పైన చెప్పిన శరత్‌చంద్ సాక్ష్యం ఉన్న నివేదిక 2018 మార్చి 13న సభ ముందుకొచ్చింది. మర్నాడు, 14న, ప్రత్యేక హోదా కోసం మన ఎంపీలు, ఇతర అంశాలపై మిగతా పక్షాలు ఆందోళన చేస్తుండగా, దేశం మొత్తం బడ్జెట్ గిలెటిన్ కింద చర్చ లేకుండా పాసైంది. హోదా డిమాండు న్యాయమైనదే. దాంతోపాటు ఆ నివేదిక మీద ఒక్క గంట చర్చ జరిగి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ బాధగా ఉంటుంది. 2023లోనూ పద్దులన్నీ ఇలాగే చర్చ లేకుండా వెళ్లాయి.

చర్యల నివేదికలో నాలుగో అధ్యాయం తెరవండి

సంఘం సిఫార్సులకు ప్రభుత్వం మూడు నెలల్లో జవాబివ్వాలి. ఆ జవాబుల మీద సంఘం మళ్లీ ఒక నివేదిక ఇస్తుంది. దీన్ని చర్యల నివేదిక అంటారు. పత్రికల్లో దీని గురించి దాదాపు రాదు, కానీ నిఘాకు ఇదే వెన్నెముక. ఇందులో రెండో అధ్యాయంలో ప్రభుత్వం ఒప్పుకున్న సిఫార్సులు ఉంటాయి. నాలుగో అధ్యాయంలో సంఘానికి నచ్చని జవాబులు, ఐదో అధ్యాయంలో ‘పరిశీలనలో ఉంది’ తరహా తాత్కాలిక జవాబులు ఉంటాయి. నేరుగా ఈ రెండిటికీ వెళ్లండి. ఇవి కాక స్పీకర్ ఆదేశాల్లోని 73ఎ ప్రకారం మంత్రి ఆరు నెలలకోసారి సిఫార్సుల అమలు మీద సభలో ప్రకటన చేయాలి. మీరు ఎంచుకున్న అంశం ఆ ప్రకటనలో ఉందా లేదా అని చూసి తేదీతో సహా రాసుకోండి.

డబ్బు పోయాక: కాగ్, ప్రజా పద్దుల సంఘం

ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ కాగ్. దాని తనిఖీ జరిగేది ఖర్చయిన తర్వాత. రాజ్యాంగం 151వ అధికరణం కింద నివేదిక రాష్ట్రపతికి, అక్కడి నుంచి ఉభయ సభలకు వెళ్తుంది. ఆలస్యం ఉన్నా, అంకెల పట్టు కాగ్‌ది. 2017 జులైలో వచ్చిన నివేదిక సైన్యం మందుగుండు నిల్వలను రకం వారీగా లెక్కపెట్టింది. 2016 సెప్టెంబరు నాటికి 152 రకాల్లో 61 రకాలు పది రోజుల యుద్ధానికైనా సరిపోని స్థితిలో ఉన్నాయని తేల్చింది. ఉండాల్సింది 40 రోజులకు.

ఒక పథకం ఖర్చు ఎలా పెరుగుతుందో చూడాలంటే స్వదేశీ విమానవాహక నౌక విక్రాంత్ మీద కాగ్ రాసిన పేరాలు చదవండి. 2002లో అనుమతి ఇచ్చినప్పుడు రూ.3,261 కోట్లు. తర్వాత సవరించిన అంచనా రూ.19,341 కోట్లు. దాదాపు ఆరు రెట్లు. 2022 సెప్టెంబరు 2న నౌక దళంలో చేరింది. ఇన్ని కష్టాల తర్వాత అంత పెద్ద నౌకను మనమే కట్టుకోవడం గర్వించదగ్గ విషయం. అయితే ఖర్చు మూడు వేల కోట్ల నుంచి పంతొమ్మిది వేలకు ఎక్కుతున్న ప్రతి దశలోనూ పార్లమెంటుకు ఆ సంగతి తెలియజేయాలని మన దగ్గర ఏ చట్టమూ లేదు. అమెరికాలో నన్-మెకర్డీ అనే చట్టం 1980ల నుంచి ఉంది. ఆయుధం ఒక్కోదాని ధర ప్రస్తుత అంచనా మీద 15 శాతం దాటితే రక్షణ శాఖ కాంగ్రెస్‌కు తెలపాలి. 25 శాతం దాటితే ఆ పథకం ఎందుకు కొనసాగాలో నిరూపించుకోవాలి. 2024 జనవరిలో సెంటినెల్ క్షిపణి పథకం ఈ గీత దాటినట్టు కాంగ్రెస్‌కు తెలియజేశారు. అక్కడ కూడా ఇలా గీత దాటిన పథకాలు చాలావరకు రద్దు కావు, నిజమే. కానీ ఖర్చు పెరుగుతున్న సంగతి సభ్యులకు ముందే తెలుస్తుంది. మనకు అలాంటి చట్టం కావాలని నేను గట్టిగా అనుకుంటాను.

కాగ్ నివేదికలో కొన్ని పేరాలను ప్రజా పద్దుల సంఘం ఎంచుకుని అధికారులను పిలిచి విచారిస్తుంది. 22 మంది సభ్యుల ఈ సంఘానికి 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుడు అధ్యక్షుడిగా ఉండే సంప్రదాయం ఉంది. సంఘం ఎంచుకోని పేరాలకు కూడా శాఖ నాలుగు నెలల్లో చర్యల నోట్ ఇవ్వాలి. ఒక జాగ్రత్త: రక్షణకు సంబంధించిన కాగ్ నివేదికలు కొన్ని వెబ్‌సైట్‌లో కనిపించవు. కనిపించినవాటిలోనూ కొన్ని అంకెలు ఉండవు. 2019 ఫిబ్రవరిలో రఫేల్ ఒప్పందం మీద వచ్చిన నివేదికలో అంతకుముందటి బేరంతో పోలిస్తే ధర 2.86 శాతం తక్కువని చెప్పారు కానీ అసలు ధరలు శాఖ కోరిక మేరకు చూపలేదు.

ఇప్పుడు మీ ఎంపీకి రాయండి

ఇన్నాళ్లు రాసుకున్న పేజీ ఇక్కడ పనికొస్తుంది. పౌరులు నేరుగా సభలో ప్రశ్న వేయలేరు, ఎంపీ వేయగలరు. లోక్‌సభలో ప్రశ్నకు 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, మామూలుగా 150 పదాలు మించకూడదు. అందువల్ల సమావేశాలు మొదలవడానికి నెల ముందే మీ ఉత్తరం వెళ్లాలి. ఎంపీ కార్యాలయంలో పనిచేసేవాళ్లకు రోజూ వందల వినతులు వస్తాయి. మీరు ప్రశ్నను ఉన్నదున్నట్టు ఎత్తి పెట్టుకునేలా తయారుచేసి ఇస్తే దానికి అవకాశం ఎక్కువ. ఉదాహరణకు ఇలా:

‘(అ) 2024-25లో రక్షణ మూలధన పద్దును రూ.1,72,000 కోట్ల నుంచి రూ.1,59,500 కోట్లకు సవరించడానికి కారణాలేమిటి? (ఆ) ఈ తగ్గింపులో ఒక్కో దళం వాటా ఎంత? (ఇ) దీనివల్ల తర్వాతి ఏడాదికి వాయిదా పడిన ఒప్పందాల మొత్తం విలువ ఎంత? (ఈ) మురిగిపోని ఆధునికీకరణ నిధి విషయంలో ప్రభుత్వ తాజా నిర్ణయమేమిటి?’

ఇందులో ఎక్కడా ఆయుధాల సంఖ్య, మోహరింపు, సాంకేతిక వివరాలు లేవు చూడండి. రహస్య విషయాలు అడిగిన ప్రశ్నను సచివాలయం మొదట్లోనే పక్కన పెడుతుంది. డబ్బు గురించి, గడువు గురించి అడిగితే తోసిపుచ్చడం కష్టం. ‘ఎందుకు ఆలస్యం చేస్తున్నారు’ అని నిందలా రాయకండి. ‘ఒప్పందంలో రాసుకున్న తేదీ ఏది, ఇప్పుడు అనుకుంటున్న తేదీ ఏది’ అని రాయండి. 2021 ఫిబ్రవరిలో దాదాపు రూ.48,000 కోట్లకు కుదిరిన 83 తేజస్ మార్క్-1ఎ విమానాల ఒప్పందం లాంటివాటికి ఈ పద్ధతి బాగా పనికొస్తుంది.

నక్షత్ర గుర్తు ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబిస్తారు, అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబు వస్తుంది. మీకు కావలసింది అంకెలైతే గుర్తు లేని ప్రశ్నే మేలు. మీ ఎంపీ రక్షణ సంఘంలో గానీ ప్రజా పద్దుల సంఘంలో గానీ సభ్యులా అన్నది ముందే చూసుకోండి. సభ్యులైతే మీ ఉత్తరం విలువ పదింతలవుతుంది. సభ్యుల జాబితా ప్రతి నివేదిక మొదట్లోనే ఉంటుంది.

సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టొచ్చు. పది రూపాయల రుసుము, 30 రోజుల గడువు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోకు మాత్రం అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు తప్ప మిగతా విషయాల్లో ఈ చట్టం వర్తించదు. రక్షణ మంత్రిత్వ శాఖకు వర్తిస్తుంది, భద్రతకు సంబంధించిన సమాచారానికి మినహాయింపుతో.

జవాబు వచ్చాక దాని తేదీ, ప్రశ్న సంఖ్య మీ పేజీలో ఎక్కించండి. మరుసటి ఫిబ్రవరిలో అదే పద్దు మళ్లీ తెరిచి, ఇప్పుడు మొదటి గడిలో కనిపించే వాస్తవ వ్యయాన్ని ఆ ఏడాదికే మీరు రాసుకున్న బడ్జెట్ అంచనా పక్కన వేయండి. తేడా ఉంటే, ఆ మార్చిలో వచ్చే స్థాయీ సంఘం నివేదికలో దానికి కారణం వెతకండి. దొరక్కపోతే మీ తర్వాతి ప్రశ్న సిద్ధంగా ఉన్నట్టే.